పదకొండు ఒకట్లు

సిద్దిపేట,
ఆగస్టు 1, 2025.

ప్రియమైన అన్నకు,

రాఖీ ఈ కవర్లోనే ఉంది. పౌర్ణమికి అందకపోతే పోస్టువాళ్ళను తిట్టు, నన్ను కాదు. పోయినసారిలాగా వదినతో కట్టించుకుని నవ్వులపాలు కాకు, పక్కింటి ఆడపిల్లను పిలువు.

ఫోన్ చేస్తే నీకు వినబడదు. మెసేజ్ పెడితే కళ్ళజోడు లేదంటావు. ముప్పై నాలుగేళ్ళు భీవండిలో సాంచెల, అదే మరమగ్గాల మోతలో నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషితో మాట్లాడాలంటే ఇక ఉత్తరమే దిక్కు. నాకూ ఇదే బాగుంది, మధ్యలో అడ్డం తగలవు.

నీ సంగతులు వదిన పూస గుచ్చినట్టు చెప్పింది. "మీ అన్నను సాంచెల మీదికెల్లి తీసేసిన్రు రోజా. పోగు తెగిన సప్పుడు ఇనబడ్తలేదని గుడ్డ మడతవెట్టేకాడ కూసోబెట్టిన్రు. ఇంటికొస్తే గోడ దిక్కు జూస్కుంట కూసుంటుండు. ఏమన్నంటే, నేను ఇంక దేనికి పనికొస్తనే అంటుండు" అంది. ఆ ఆఖరి మాటకు నాకు ఒళ్ళు మండింది. పదో తరగతిలో లెక్కల్లో బడికే ఫస్టు వచ్చినవాడివి. బాపు మగ్గం ఆగిపోతే, నా చదువు ఆగకూడదని రైలెక్కినవాడివి. నేను ఇవాళ లెక్కల టీచర్నని తలెత్తుకు తిరుగుతున్నానంటే ఆ తల నీది. దాన్ని పట్టుకుని పనికిరాదంటే ఊరుకోను.

అందుకని నీకో పని పంపుతున్నాను. తొమ్మిదో తరగతి పిల్లలతో ఉత్త ఒకట్లతో సంఖ్యలు రాయిస్తున్నాను. మనం చిన్నప్పుడు శేషం లేకుండా భాగింపబడిన సంఖ్యను "విరిగింది" అనేవాళ్ళం, గుర్తుందా? రెండు ఒకట్లు, అంటే పదకొండు, విరగదు. మూడు ఒకట్లు 3తోనూ 37తోనూ విరుగుతాయి. నాలుగు, ఆరు, ఎనిమిది ఒకట్లయితే తేలిక, పదకొండుతోనే పోతాయి. ఎన్ని ఒకట్లున్నాయో ఆ లెక్కే విరగనిదైతే తమాషా మొదలవుతుంది. ఐదు ఒకట్లు 41 పెట్టు 271, అంటే 41ని 271తో గుణిస్తే వచ్చేవి. ఏడు ఒకట్లు 239 పెట్టు 4,649. పదకొండు ఒకట్ల దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టారు.

11,11,11,11,111. వెయ్యి నూట పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. విరుగుతుందా, విరగదా? నేను పుస్తకం తెరవలేదు, ఫోన్లో వెతకలేదు. నువ్వు చెప్పేదాకా వెతకను. ఇది ఒట్టు.

నీ చెల్లె,
రోజారాణి.


భీవండి,
ఆగస్టు 24.

ప్రియమైన చెల్లెకు,

రాఖీ ఒక రోజు ముందే వచ్చింది. పక్కింటి పిల్లే కట్టింది. మీ వదిన నా మీద చాడీలు చెప్పడం ఎప్పటినుంచో ఉన్నదే, అన్నీ నమ్మకు.

నీ ఉత్తరం చదివి, ఇది పనా జాలా అని ఒక పూట ఆలోచించాను. జాలి అయితే తిరిగి పంపేద్దామనుకున్నాను. కానీ అప్పటికే చేయి ఊరుకోలేదు, గుడ్డ మడతపెట్టే బల్ల మీద సుద్దతో భాగించడం మొదలుపెట్టేశాను. అది ఇప్పుడు నా పనే. నీది కాదు.

ఒక సంగతి దొరికింది, జాగ్రత్తగా చదువు. ఐదు ఒకట్లను విరిచినవి 41, 271. వాటిలోంచి ఒకటి తీసేస్తే 40, 270. రెండూ పదితో పోతాయి. పది అంటే ఐదుకు రెట్టింపు. ఏడు ఒకట్లను విరిచినవి 239, 4,649. ఒకటి తీసేస్తే 238, 4,648. రెండూ పద్నాలుగుతో పోతాయి. అదీ రెట్టింపే. మూడు ఒకట్ల దగ్గర 37 మాట విన్నది, 3 ఒక్కటి మొండికేసింది. ఎందుకిలా అవుతుందో నాకు తెలియదు. అవుతున్నదని మాత్రం తెలుసు. అంటే పదకొండు ఒకట్లను విరిచేది ఏదైనా ఉంటే, ఒకటి తీసేశాక అది ఇరవై రెండుతో పోవాలి.

అట్లయితే అన్నిటితో కుస్తీ పట్టక్కర్లేదు. 23, 45, 67 అని ఇరవై రెండేసి కలుపుకుంటూ పోవాలి. రెండు ముక్కలైతే చిన్న ముక్క 1,05,409 దాటదు, దాటితే రెండింటిని గుణించినప్పుడు సంఖ్య ఎక్కువైపోతుంది. ఆ లోపల 3, 5, 7తో పోయేవి తీసేస్తే మిగిలేవి రెండు వేల చిల్లర. రోజుకు నలభై చేయగలను.

మా మీద పెత్తనం చేసే ముకద్దం మల్లయ్య వచ్చి బల్ల వైపు చూశాడు. "ఏం లెక్కలే గివి?" అన్నాడని పెదాలను బట్టి అర్థమైంది. "మా చెల్లె పంపింది, లెక్కల టీచరు" అన్నాను. నా గొంతు నాకు వినబడదు కదా, కార్ఖానా అంతా వెనక్కి తిరిగి చూసింది. చూడనీ అనుకున్నాను.

నీ అన్న,
దేవదాసు.


సిద్దిపేట,
సెప్టెంబరు 12.

ప్రియమైన అన్నకు,

నీ ఇరవై రెండు సంగతి చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నిజంగానే లేచాను, కావాలంటే మీ బావను అడుగు. కాలేజీలో ఇలాంటిదేదో చదివిన గుర్తు లీలగా ఉంది కానీ, నాలుగు సంఖ్యలు చూసి ఎవరూ చెప్పకుండా పట్టుకోవడం నా వల్ల కాదు.

మర్నాడు క్లాసులో బోర్డు మీద రాశాను. పిల్లలు నమ్మలేదు, ఒక్కొక్కటీ తీసివేసి చూసుకున్నారు. "టీచర్, మీ అన్న ఏం సదివిండు?" అని అడిగారు. పదో తరగతి అన్నాను. త్రివేణి అని ఒక పిల్ల ఉంది, ముందు బెంచీ, ప్రతిదానికీ చేయెత్తుతుంది. "పదో తరగతి అంటే ఇంకొక్క యేడే గదా, నేను గూడ కనిపెడ్త" అంది.

బతుకమ్మ దగ్గర పడింది, వదినకు పువ్వులు దొరుకుతున్నాయా అక్కడ? ఫోన్లో వదిన గొంతు మారిపోయింది. "ఇప్పుడు గోడ దిక్కు జూస్తలేడు, నోటుబుక్కు దిక్కు జూస్తుండు. అన్నం దినేటప్పుడు గూడ ఎడమ చేతిల నోటుబుక్కే" అంది. తిట్టింది అనుకోకు, సంతోషంగా చెప్పింది. నేనూ ఆ రోజు పాయసం వండాను.

నీ చెల్లె,
రోజా.


భీవండి,
అక్టోబరు 9.

ప్రియమైన రోజాకు,

అయిపోయింది. నిన్న సాయంత్రం ఆఖరి గడికి టిక్కు పెట్టాను. పదకొండు ఒకట్లు విరగలేదు.

రెండు నోటుబుక్కులు నిండాయి. అలవాటు కొద్దీ ప్రతి పేజీని పన్నెలాగా గడులుగా గీసుకున్నాను. మగ్గం మీద దువ్వెనలాంటి పన్నె సందుల్లోంచి పోగులు లాగినట్టు, ఒక్కో గడిలో సంఖ్యను పెట్టి, భాగించి, శేషం మిగిలితే టిక్కు. ఒక్కచోట కూడా సున్నా శేషం రాలేదు. చేతులు నొప్పి పుట్టాయి కానీ, ఈ నొప్పి వేరే తీరు.

మీ పిల్లలకు చెప్పు. దేవదాసు అనే నేతగాడు పూచీ అని చెప్పు. చాలా ఏళ్ళ తర్వాత నా పేరు నేను గట్టిగా రాసుకుంటున్నాను.

నీ అన్న,
పద్మశాలి దేవదాసు.


సిద్దిపేట,
అక్టోబరు 18.

ప్రియమైన అన్నకు,

నేను చేసిన పని చెబితే తిడతావు, అందుకే చేసేశాక చెబుతున్నాను. మా బడి ప్రహరీకి లోపలి వైపు పెయింటర్‌తో రాయించాను. నల్లరంగు మీద తెల్లగా, నా భుజం ఎత్తులో: "11111111111. ఈ సంఖ్య విరగదు. కనుగొన్నది: సిద్దిపేట దేవదాసు." పొద్దున ప్రార్థన చేసేటప్పుడు పిల్లలందరికీ ఎదురుగా కనబడుతుంది. హెడ్మాస్టరు గారు "సరిచూశారా మేడమ్?" అన్నారు. మా అన్న చేశాక మళ్ళీ సరిచూసేదేముందండీ అన్నాను. ఒట్టు తీరిపోయినా నేను ఫోన్లో వెతకలేదు. వెతికితే నిన్ను అనుమానించినట్టు అనిపించింది.

ఇక రెండు కోరికలు. డిసెంబరు 22న గణిత దినోత్సవం. నీ నోటుబుక్కులు శుభ్రంగా తిరగరాసి పంపు, అద్దాల పెట్టెలో పెడతాం. రెండోది, ఆ రోజు నువ్వే వచ్చి పిల్లల ముందు నిలబడు. వినబడదని వంక పెట్టకు. వాళ్ళు ప్రశ్నలు బోర్డు మీద రాస్తారు.

దీపావళికి బాణాసంచా దగ్గర జాగ్రత్త. నీకు చప్పుడు వినబడదు, వెనక ఎవరు ఏం వెలిగిస్తున్నారో చూసుకో.

నీ చెల్లె,
రోజా.


భీవండి,
నవంబరు 6.

ప్రియమైన చెల్లెకు,

ఉత్తరం అందింది. గోడ మీద పేరు ఎందుకమ్మా, వానకు ఎండకు పాడయ్యేదే కదా. సున్నం వేయించేటప్పుడు తుడిచేస్తే మంచిది.

నోటుబుక్కులు తిరగరాయడం కుదరలేదు. ఒకటి కొంచెం తడిసింది. డిసెంబరులో ఇక్కడ పని ఎక్కువ, రాలేనేమో. పిల్లలను అడిగానని చెప్పు.

నీ అన్న,
దేవదాసు.


సిద్దిపేట,
నవంబరు 17.

ప్రియమైన అన్నకు,

నోటుబుక్కుల కోసం తొందరేం లేదు. అసలు పంపకపోయినా ఫరవాలేదు, అద్దాల పెట్టె దొరకడం లేదు. ప్రయాణం కూడా నీకు కష్టం, చలికాలం. వచ్చే ఏడు చూద్దాం.

ఇక్కడ అందరం కులాసా. వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లె,
రోజా.


సిద్దిపేట,
డిసెంబరు 3.

ప్రియమైన అన్నకు,

నా పోయిన ఉత్తరానికి జవాబు రాయలేదు. రాయకపోవడమే మంచిదైంది. అందులో ఒక్క నిజం కూడా లేదు. ఇందులో అన్నీ నిజాలే రాస్తున్నాను, కూర్చుని చదువు.

పదకొండు ఒకట్లు విరుగుతాయి అన్నా. 21,649 పెట్టు 5,13,239.

దీపావళి సెలవు అయిన మర్నాడు త్రివేణి ఇంటర్వెల్‌లో నా దగ్గరికి వచ్చింది. ఎవరూ లేకుండా చూసి వచ్చింది. "టీచర్, గది ఇరుగుతది. మా మామ ఫోన్ల జూసిన. ఫోన్ తప్పు జెప్తదేమోనని నేను గుణించి గూడ జూసిన" అని నోటుబుక్కు చూపించింది. పేజీ నిండా గుణకారం, ఒక్క కొట్టివేత లేదు. చివర వరసగా పదకొండు ఒకట్లు.

నేనేం చేయాలి? భుజం తట్టి, క్లాసులో నిలబెట్టి చప్పట్లు కొట్టించాలి. నేను ఆ పేజీ మూసి, "ఇప్పుడే ఎవ్వరికి చెప్పకు బిడ్డా" అన్నాను. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో సరైన జవాబు తెచ్చిన పిల్లను నోరు మూసుకోమన్నది అదే మొదటిసారి. నీ కోసం అన్నాను. నువ్వు మళ్ళీ గోడ వైపు తిరిగి కూర్చుంటావని భయపడ్డాను. నువ్వు నోటుబుక్కులు పంపనన్నప్పుడు గండం గడిచిందనుకున్నాను, చూడు నా బుద్ధి.

నెలన్నర అయింది. ఆ పిల్ల చేయెత్తడం మానేసింది. మొన్న తనకు బాగా వచ్చిన లెక్క అడిగాను, లేచి నిలబడి "తెల్వది టీచర్" అంది. ఆ గోడ ముందు నుంచి వెళ్ళేటప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోవడం లేదు. నిన్ను కాపాడుకోవాలని ఆ పిల్లను పాడుచేస్తున్నానని మొన్న అర్థమైంది. నీ చెల్లెగా నాకు నువ్వు ముఖ్యం. టీచరుగా నాకు ఆ పిల్ల ముఖ్యం. గణిత దినోత్సవం నాడు అందరి ముందు నిజం చెప్పేస్తాను. నీకు ముందు చెప్పకుండా చెప్పలేను, అందుకే ఇది రాస్తున్నాను.

ఇంకొక నిజం కూడా విను. డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన సుమిత్రమ్మ మేడమ్‌ను కలిసి నీ ఇరవై రెండు సంగతి చూపించాను. "సూత్రం కరెక్టు. వందల ఏళ్ళ నుంచి పుస్తకాల్లో ఉంది. ఎందుకవుతుందో రుజువు కూడా ఉంది. కానీ ఈయన పుస్తకం లేకుండా అక్కడి దాకా వచ్చిండంటే, ఒకసారి నాకు చూపియ్యి ఆయనను" అంది. భాగహారంలో ఎక్కడో చేయి జారి ఉంటుంది అన్నా, బుర్ర జారలేదు.

కోపం వస్తే తిట్టు. మౌనంగా మాత్రం ఉండకు.

నీ చెల్లె,
రోజా.


భీవండి,
డిసెంబరు 11.

ప్రియమైన రోజాకు,

నీ ఉత్తరం చదివితే ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. మళ్ళీ కోపం వచ్చింది, ఇప్పుడు దాంట్లోనే ఉండి రాస్తున్నాను.

21,649 సంగతి నాకు నవంబరు రెండునే తెలుసు.

నువ్వు అడిగావని నోటుబుక్కు తిరగరాస్తున్నాను కదా, అందులో దొరికింది. ఏం చేశానో చెబుతాను, నేతగాడు తప్ప ఇంకెవడూ చేయని తప్పు. మగ్గం మీద పన్నెలో పోగులు లాగేటప్పుడు, అంచు గట్టిగా ఉండాలని చివరి సందులో రెట్టింపు పోగులు లాగుతాం. అయినా లెక్కలో అది ఒక్క సందే. బాపు నేర్పిన అలవాటు. పేజీలు గీసుకున్నప్పుడు చేయి దాని దారిన అది పోయింది, ప్రతి వరస చివరి గడిలో రెండు సంఖ్యలు పెట్టాను. భాగించేటప్పుడు మొదటిదాన్ని భాగించి గడికి టిక్కు పెట్టి ముందుకు పోయాను. ఒక అంచు గడిలో 21,583, దాని కిందే 21,649. పైదానికి శేషం మిగిలింది. కిందిదాన్ని ముట్టుకోలేదు.

ఆ రోజు కూర్చుని భాగించాను. అంకె తర్వాత అంకె దిగింది, చివరికి ఏమీ మిగల్లేదు. మూడు నెలల్లో నేను చూసిన మొదటి సున్నా అది. నువ్వేమో నేను కుంగిపోతానని భయపడ్డావు. నేను ఆ రోజు అన్నం రెండోసారి పెట్టించుకున్నానని మీ వదిన సాక్ష్యం. తప్పు చేసింది నా చేయే, పట్టింది కూడా నా చేయే. నాకు గర్వంగానే ఉండింది, గోడ గుర్తొచ్చేదాకా.

గోడ గుర్తొచ్చాక సిగ్గు వేసింది. నా గురించి కాదు. మా అన్న చేశాక సరిచూసేదేముంది అని హెడ్మాస్టరుతో అన్నావే, ఆ మాట గురించి. పిల్లల ముందు నీ తల దిగుతుందని, నోటుబుక్కు తడిసిందని అబద్ధం రాశాను. ఒక్క చుక్క నీళ్ళు పడలేదు దాని మీద. నీ అబద్ధం నాకు, నా అబద్ధం నీకు, ఇద్దరం పోస్టు ఖర్చు పెట్టుకుని పంపుకున్నాం.

ఇప్పుడు కోపం సంగతి. నాకు అబద్ధం చెప్పావు, పోనీ. ఆ పిల్లను ఎందుకు ఆపావు? నేను ముప్పై నాలుగేళ్ళు ఈ మోతలో నిలబడ్డది నువ్వు టీచరువైతే చూద్దామని. మన బడిలో ఏ ఆడపిల్లా తెలిసిన జవాబు మింగి కూర్చోకూడదని. ఆ పిల్ల నోరు నా పేరుతో మూశావంటే, నా చెవులు పోయినందుకు కలగని బాధ దానికి కలిగింది. ఇది తిట్టే. తిట్టమన్నావుగా.

సుమిత్రమ్మ మేడమ్ మాటకు నాకు బాధ లేదు. వందల ఏళ్ళ కిందే ఎవరో పెద్దలు వచ్చి ఆ జాగలో కూర్చున్నారు, నేను వెళ్తే కొంచెం జరిగి చోటిచ్చారు. రుజువు ఏమిటో ఆమె దగ్గర కూర్చుని నేర్చుకుంటాను, కాగితం మీద రాసి చూపించమను.

ఈలోపు పదమూడు ఒకట్లు చూశాను, 53తో ఒక్క పూటలో విరిగాయి. పదిహేడు ఒకట్లు మొదలుపెట్టాను. ఈసారి గడికి ఒక్కటే సంఖ్య. మధ్యలో ఎక్కడైనా విరిగితే సరి, చివరిదాకా పోవాలంటే ఈ జన్మ చాలదు. విరుగుతుందో లేదో నువ్వు ఫోన్లో చూడు, త్రివేణిని కూడా చూడమను, నాకు మాత్రం చెప్పకండి.

20వ తేదీకి టికెట్ తీసుకున్నాను, మీ వదిన కూడా వస్తోంది. నేను వచ్చేదాకా గోడ తుడవొద్దు. రంగు డబ్బా, కుంచె సిద్ధంగా పెట్టు. "విరగదు" అన్న మాటను నా చేత్తో నేనే కొట్టేస్తాను. దాని కింద 21,649 పెట్టు 5,13,239 అని త్రివేణి రాస్తుంది, పక్కన తన పేరు రాసుకుంటుంది. నా పేరు తీయొద్దు, తప్పు ఎవరిదో కూడా పిల్లలకు తెలియాలి. నేను మాట్లాడేటప్పుడు గొంతు పెద్దగా వస్తుంది, భయపడొద్దని వాళ్ళకు ముందే చెప్పు.

అందరి ముందు నిలబడి నిజం చెబుతానన్నావు. చెప్పు, చెప్పాల్సిందే. కానీ నీ వంతు రెండోది. ముందు నేను నిలబడతాను. పెద్దవాణ్ణి నేను.

నీ అన్న,
దేవదాసు.